చెరి ఆరు కిలోల యూరియా

మొక్కజొన్న ఆకుల రంగు చూసి నేనొక మనిషిని ఓర్వలేకపోయాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. జాతకాల మీద, ముహూర్తాల మీద, విభూతి పంచే బాబాల మీద రాయడానికి ఎప్పుడూ ఒక పూట కంటే ఎక్కువ పట్టలేదు.

ఎనభైల చివర్లో మేము ఫిల్మ్‌నగర్ వాలులో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. అప్పటికింకా అక్కడ ఇళ్ళకంటే బండలే ఎక్కువ. మా ఆయన ఎడిటింగ్ గదిలో అసిస్టెంటు. నేను యూసుఫ్‌గూడలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని, ఒక హేతువాద మాసపత్రికకు నెలనెలా వ్యాసం రాసేదాన్ని. మా నాన్న కృష్ణా జిల్లాలో సంఘసంస్కరణ సభలు నడిపిన మనిషి. నా పెళ్ళి ఆషాఢ మాసంలో, మంగళవారం నాడు, రెండు దండలతో, నాలుగు ఉపన్యాసాలతో అయింది. అవతలివాళ్ళ వాదాన్ని వాళ్ళకంటే బాగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని ఖండించమని నాన్న నాకు నేర్పాడు. నేను ఖండించడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

మా పక్కింటామెది మెదక్ వైపు పల్లె. నాకంటే పదేళ్ళు పెద్దది. సినిమా సెట్లకు పూలకుండీలు, తీగలు, అరటి బోదెలు తెచ్చి సర్దడం ఆమె పని. తెర మీద హీరోయిన్ ఇంటిముందు పచ్చగా కనిపించేదంతా ఇలాంటివాళ్ళ చేతి కష్టమే. కష్టం ఆమెది, పేరు మాత్రం కృష్ణానగర్‌లో ఉండే కాంట్రాక్టరుది. కంపెనీవాళ్ళు ఆయనకే కబురు పెట్టేవాళ్ళు, ఆయన ఈమెను పంపేవాడు. ఒక్కసారైనా ఒక మేనేజరు నేరుగా తన గుమ్మంలోకి వచ్చి పని తనకే చెప్పాలన్నది ఆమె ఆశ. ఒక్కరు వస్తే చాలు, రెండోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని అనేది.

మా రెండిళ్ళ మధ్య ఆరువందల గజాల ఖాళీ స్థలం ఉండేది. దాని యజమాని విజయవాడలో వ్యాపారి. ఎవరూ గుడిసె వెయ్యకుండా చూడండి, కావాలంటే ఏదైనా పండించుకోండి అని మాకు అప్పజెప్పాడు. మధ్యలో ఒక తాడు కట్టి చెరి సగం పంచుకున్నాం. ఆ ఏడు తొలకరికి ఇద్దరం మొక్కజొన్న వేద్దామనుకున్నాం. ఆమె వాళ్ళమ్మ ఇంటినుంచి పాత విత్తనం తెచ్చుకుంది. నేను విత్తనాల దుకాణానికి వెళ్ళి హైబ్రిడ్ పొట్లం కొన్నాను. పురుగు పట్టకుండా ఆ గింజలకు గులాబిరంగు మందు పూసి ఉంది.

"ఏంది టీచరమ్మా, గింజలకు లిప్‌స్టిక్ ఏసిన్రు?" అంది ఆమె పొట్లంలోకి తొంగిచూసి.

"ఇది సంకరజాతి అక్కా. నీ పాత విత్తనానికి రెట్టింపు కాస్తుంది."

"గట్లనా? అయితె నాకు గుడ ఓ గుప్పెడు ఇయ్యి. ఒక్క సాలు ఏస్కుంట."

దానం చేస్తున్నదానిలా ఒక గుప్పెడు ఇచ్చాను. ఆమె వాటిని తాడు పక్కనే తనవైపు మొదటి సాలుగా వేసింది, మిగతాదంతా తన విత్తనమే వేసింది. యూరియా ఇద్దరం కలిసి పన్నెండు కిలోలు కొనుక్కొచ్చి, చెరి ఆరు కిలోలు తీసుకున్నాం.

మొలకలు రాగానే ఆమె ఒక కర్ర పాతి, దాని మీద పగిలిన కుండ బోర్లించి, సున్నంతో కళ్ళు, మసితో మీసాలు పెట్టింది. దిష్టిబొమ్మ. అది తిన్నగా మా వంటింటి కిటికీకేసి చూస్తోంది.

"నా కోసమా అక్కా?" అన్నాను.

"అయ్యొ, నీకెందుకమ్మా? బాట గటు దిక్కున్నది. వచ్చేటోళ్ళు పొయ్యేటోళ్ళు గట్నుంచే చూస్తరు."

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం వ్యాసం దొరికింది. ఒకే స్థలం, ఒకే వాన, చెరి ఆరు కిలోల యూరియా. ఒక సగంలో దిష్టిబొమ్మ ఉంది, రెండో సగంలో లేదు. కోతనాడు పాఠకులెవరైనా వచ్చి చూసుకోవచ్చు అని సవాలు విసురుతూ రాశాను. సంపాదకుడు ముచ్చటపడి దానిచుట్టూ గడి కట్టి వేశాడు. రెండు సగాల్లో విత్తనాలు వేరు కాబట్టి అది పరీక్షే కాదన్న సంగతి నాకు తట్టకపోలేదు. మేలు విత్తనం నాది, కాబట్టి గెలుపు నాదే అని ఆ సంగతి రాయకుండా వదిలేశాను. మూఢనమ్మకాన్ని ఓడించడానికి చిన్న మోసం ఫరవాలేదనుకున్నాను. ఇదే పని ఒక జ్యోతిష్కుడు చేసి ఉంటే ఎంత ఎగతాళి చేసేదాన్నో!

కాలేజీ తెరిచే రోజులు. మళ్ళీమళ్ళీ చేలోకి దిగే తీరిక ఉండదని లెక్క కట్టుకుని, విత్తిన నాడే ఆరు కిలోలూ చల్లేశాను. ఆమె మాత్రం విత్తేటప్పుడు పశువుల ఎరువులో కలిపి కొంచెం వేసింది. మిగతాది డబ్బాలో పోసి, చెమ్మ తగలకుండా మూత బిగించి, అటక మీద పెట్టింది. నాలుగో నాడు ముసురు పట్టుకుంది. వారం రోజులు వదల్లేదు. మాది బండ మీద రెండు జానల గరుకు మట్టి. పోసిన నీళ్ళు పోసినట్టే దిగిపోతాయి. నేను వేసిన యూరియా ఆ నీళ్ళతోపాటు ఎటు పోయిందో పోయింది.

నెల తిరిగేసరికి నా చేలో కింది ఆకులు పసుపెక్కాయి. ఆకు కొసన మొదలై, నడిమి ఈనె వెంబడి మొదలుదాకా పాకే పసుపు. నత్రజని చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లో ఉన్నది లాగేసి లేత ఆకులకు పంపించుకుంటుంది. అందుకే పసుపు కిందినుంచి వస్తుంది. ఈ బొమ్మ నేను ఏటా పసుపు సుద్దముక్కతో నల్లబల్ల మీద వేసేదాన్ని. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. నా కిటికీ బయట వెయ్యికి పైగా మొక్కలు అదే బొమ్మ వేసుకుని నిలబడితే రెండు వారాలు పోల్చుకోలేకపోయాను. ఆ మాట అబద్ధం. పోల్చుకోదల్చుకోలేదు. నా సగంలో బండ ఎక్కువ ఉందన్నాను. వేపచెట్టు నీడ పడుతోందన్నాను.

"నీ హైబ్రిడ్‌కి కామెర్లొచ్చాయా ఏంటి?" అన్నాడు మా ఆయన, ముఖం కడుక్కుంటూ.

"నోరు మూసుకుని వెళ్ళండి, సినిమాలకు కత్తెర్లు వేసుకోండి," అన్నాను.

ఆమె చేను మోకాటి ఎత్తు వచ్చినప్పుడు అటక మీంచి డబ్బా దించి, మొక్క మొక్కకూ చిటికెడు వేసి మన్ను కప్పింది. వారం తిరిగేసరికి ఆ చేను నలుపు తిరిగిన ఆకుపచ్చగా తేలింది. మొక్క తలన పూత జల్లు తొంగిచూసే ముందు మూడోసారి వేసింది. ఆ మూడోసారి వేస్తున్నప్పుడు తాడు మీంచి నన్ను పిలిచింది.

"టీచరమ్మా, నీ మక్కలకు ఆకలైతున్నది. మూడు కిలోలు తెచ్చి మళ్ళ జల్లరాదూ? ఇంక గుడ కోలుకుంటయ్."

"వీల్లేదక్కా. చెరి ఆరు కిలోలు అని రాశాను."

"యాడ రాసినవ్?"

"పత్రికలో."

"పత్రికోళ్ళొచ్చి తింటరా గీ కంకులు?"

నేను యూరియా తేలేదు. ఆలోచిస్తే నవ్వొస్తుంది. పూజ పేరుతో మనుషులు ఉపవాసాలుండటాన్ని తిట్టిన నేను, ప్రయోగం పేరుతో పైరును మాడ్చాను.

అయినా ఆమె పాత విత్తనం నా హైబ్రిడ్ కంటే ఎత్తుగా పెరిగిందన్న దిగులు నాకు పెద్దది కాదు. నన్ను కాల్చింది తాడు పక్క సాలు. ఆ గుప్పెడు గింజలు నావే. అదే పొట్లం, అదే గులాబిరంగు. తాడుకు ఇవతల నా మొక్క నడుము దాటలేదు, కాడ నా బొటనవేలంత. తాడుకు అవతల, రెండు మూరల దూరంలో, దాని తోబుట్టువు నా తల మించి పోయింది. కాడ మణికట్టంత లావు. ఆమె సొంత విత్తనం కూడా దాని పక్కన తీసికట్టుగా కనిపించింది. విత్తనం మేలైనదే, నేను చెప్పింది నిజమే. కానీ మేలైన విత్తనానికి ఆకలి ఎక్కువ, వేళకు పెడితేనే దాని గొప్ప బయటపడుతుంది. పస్తుంటే అది పాత విత్తనం పాటి కూడా చెయ్యదు. నా మాట నిజమని నిరూపించింది ఆమె. నా కిటికీ ముందు, నా గింజలతో. బండ, నీడ అన్న సాకులు కూడా ఆ సాలు మిగల్చలేదు.

బియ్యం కడుగుతూ చూసేదాన్ని. పేపర్లు దిద్దుతూ లేచి వెళ్ళి చూసేదాన్ని. గాలికి ఆ ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వినిపిస్తే పళ్ళు బిగుసుకునేవి. ఆమె తప్పు చేసి ఉండాలని కోరుకున్నాను. దొంగతనంగా ఇంకో సంచి కొని ఉంటుందనుకుని, ఒకరోజు ఆమె లేనప్పుడు వాళ్ళ పెరట్లో ఖాళీ సంచుల కోసం వెతికాను కూడా. ఏమీ లేవు.

ఆగస్టులో పూత జల్లులు విచ్చాయి. ఒక ఉదయం జీపు దిగి ఒక ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. పాటకు మొక్కజొన్న చేను కావాలి. దూరపు షాట్లు ఊరి బయట తీసేశారట. హీరోకు పక్క స్టూడియోలో వేరే షూటింగ్ ఉంది, కాబట్టి దగ్గరి షాట్లకు ఇక్కడే ఒక చేను ఉంటే ఒక్క పూటలో అయిపోతుందట. తాడు పక్కన నిలబడి రెండు చేతులూ చట్రంలా పట్టి ఆమె చేనును చూసుకున్నాడు.

"ఈ పచ్చ బాగుందమ్మా. కెమెరామెన్‌కి నచ్చుతుంది. అటు పక్కది ఫ్రేములో పడకుండా చూసుకుంటాం."

అటు పక్కది నాది.

"పని నాకే జెప్తున్నరా సార్? కాంట్రాక్టరు సారుకు గాదు గద?" అని ఆమె రెండుసార్లు అడిగింది.

"నీ చేను అయితే నీకు కాక ఎవరికి చెబుతామమ్మా? ఎల్లుండి వచ్చి ఖాయం చేస్తా."

ఆ మధ్యాహ్నమే ఆమె కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళి, ఇక తన పని తానే చేసుకుంటానని చెప్పి వచ్చింది. నా దగ్గరికి వచ్చి ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడలేక పొయ్యి మీద ఏదో కలుపుతున్నట్టు తిరిగాను.

మేనేజరు అన్న మాట ప్రకారం మూడో నాడు వచ్చాడు. ఆమె ఆ వేళ ఒప్పుకున్న చివరి పని ముగించడానికి సెట్టుకు వెళ్ళింది. నాకు సెలవు. ఆయన మా గేటు దగ్గర ఆగాడు.

"నమస్కారం మేడమ్. ఆవిడ లేరా? మీరు టీచరుగారని చెప్పింది. చేను సంగతి మీకు తెలుసుగా, ఇబ్బందేమీ లేదు కదా?"

ఇబ్బందేమీ లేదు అంటే సరిపోయేది.

"చూడండి, నేను వృక్షశాస్త్రం చెబుతాను కాబట్టి చెబుతున్నాను. కాండం తొలిచే పురుగుకు నిన్ననే ఆకు సుడుల్లో మందు వేసింది. దాంట్లో డాన్సర్లు తిరిగితే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. కళ్ళల్లో పడితే ఇంకా ప్రమాదం."

ఆ చేలో ఎవరూ ఏ మందూ వెయ్యలేదు.

"అమ్మో! ఆవిడ చెప్పనేలేదే!"

"వాళ్ళకు తెలియదు కదండీ," అన్నాను. ఈ మాటే ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అబద్ధం కంటే ఈ మాట.

ఆయన నాకు దణ్ణం పెట్టి, చాలా మేలు చేశారు మేడమ్ అని జీపెక్కాడు.

ఆమె వారం రోజులు గుమ్మంలో కూర్చుంది. జీపు చప్పుడైతే లేచి నిలబడేది. పాట టోలిచౌకి అవతల ఇంకెవరిదో చేలో తీసేశారని లైట్‌మన్ ఒకడు చెప్పాడు. మొక్కజొన్న కెమెరాకు పనికొచ్చేది పదిహేను రోజులే. జల్లు ఎండి, పీచు నల్లబడ్డాక ఎవరికీ అక్కర్లేదు.

ఒక పొద్దున చూస్తే, ఆమె చేను నాలుగు మూలలా ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పోస్తోంది. గుమ్మడికాయ పగలగొట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"దిష్టి తగిలింది టీచరమ్మా. గీ కుండ సాలలే. ఎవని కన్నో గాని మస్తు పాడు కన్ను."

నేను ఎన్ని సభల్లో ఎంతమంది నోళ్ళు మూయించానో! దిష్టి అనేది లేదు అక్కా, చూపుకు బలం లేదు, ప్రతి ఫలితానికీ ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. వెతికితే దొరికే కారణం ఆమె ముందు చీర కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది. నేను నోరు విప్పకపోతే ఆమె జీవితాంతం దిష్టిని నమ్ముతుంది, ఇకమీదట నాలుగు గుమ్మడికాయలు ఎక్కువ కొడుతుంది. ఆ నమ్మకం అబద్ధమని చూపించడానికి నా దగ్గర ఉన్న రుజువు ఒక్కటే. నేను చేసిన పని. రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడో రోజు పొద్దున్నే ఆమె కుండీలకు నీళ్ళు పోస్తుంటే వెళ్ళాను.

"దిష్టి కాదక్కా. నేను. మందు కొట్టావని మేనేజరుకు అబద్ధం చెప్పాను."

చెంబు పక్కన పెట్టింది.

"ఎందుకు?"

"ఓర్వలేక."

 తిడుతుందనుకున్నాను. తిడితే తేలిక పడేదాన్ని.

"దిష్టి లేదు, దిష్టి లేదు అని ఎన్నిమాట్ల జెప్పినవ్ నాకు? సరే, లేకపోతె లేకపాయె," అంది. "నువ్వున్నవ్ గద టీచరమ్మా."

నాన్న చెప్పినట్టు, అవతలి వాదాన్ని ఆమెకంటే బాగా చెప్పడం నాకు ఈ జన్మలో చేతకాదు. పాపిష్టి కన్ను అని దిష్టిని నమ్మేవాళ్ళు పేరు పెట్టింది పక్కింటివాళ్ళ మనసుకే. వాళ్ళ మందు తప్పు కావచ్చు, రోగాన్ని మాత్రం సరిగ్గానే గుర్తుపట్టారు.

"నడువ్, గాయనకు జెప్దువు," అంది.

ఇద్దరం కృష్ణానగర్‌లోని ఆ కంపెనీ ఆఫీసుకు ఆటోలో వెళ్ళాం.  మేనేజరు టీ తాగుతున్నాడు. నిలబడే చెప్పాను. మందు కొట్టలేదు, నేనే కల్పించాను, ఈవిడ చేను శుభ్రంగా ఉంది. ఆయన నవ్వాడు.

"ఇలాంటివి మా ఇండస్ట్రీలోనే అనుకున్నాను మేడమ్. టీచర్లలో కూడా ఉంటాయన్నమాట!"

"ఉంటాయండీ."

"పాట అయిపోయిందమ్మా," అన్నాడు ఆమెతో. "ఇప్పుడు చేసేదేముంది? ఏదైనా ఉంటే కబురు పెడతాలే." ఆ గొంతులోనే తెలిసిపోయింది, పెట్టడని. నిజంగానే పెట్టలేదు.

పత్రికకు ఫలితం రాసి పంపించాను. యూరియా ఇద్దరిదీ అంతే, ఆమె మూడుసార్లు పెట్టింది, నేను ఒక్కసారే పోశాను, వానకు పోయింది, నా చేను ఓడింది, కుండకు ఇందులో సంబంధం లేదు, విత్తనాలు వేరని దాచిపెట్టినందుకు క్షమించండి. ఇంతవరకే రాశాను. మేనేజరు సంగతి రాయలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

ఆరోజు ఆఫీసు నుంచి బయటికొచ్చాక ఆమె ఆటో ఎక్కలేదు. రెండు సందుల అవతల కాంట్రాక్టరు షెడ్డు ఉంది, అటు నడిచింది. నేనూ వెనకే నడిచాను. రావద్దని అనలేదు, రమ్మనీ అనలేదు. షెడ్డు ముందు ప్లాస్టిక్ తీగలు, రంగు పోయిన కాగితం పూలు కుప్పలుగా పడి ఉన్నాయి. నేను బయటే ఆగిపోయాను. లోపల కాంట్రాక్టరు గొంతు వినిపిస్తోంది.

"ఏమ్మా, సొంతంగా పెట్టుకుంటానన్నావ్? పెట్టేశావా? ప్రారంభోత్సవానికి పిలుస్తావనుకుంటున్నానే!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. 

"పెట్టలే సార్. నడ్వలే. పని ఉంటె జెప్పున్రి."

అంతే. సంజాయిషీ లేదు, ఏడుపు లేదు. దీనికి కారణం బయట నిలబడి ఉందన్న మాట కూడా లేదు. కాసేపటికి బయటికొచ్చి, చెంగు నడుముకు దోపుకుంటూ నా వైపు చూడకుండా అంది.

"రేపు పొద్దుగాల రమ్మన్నడు. అరటి బోదెలు దించాల్నంట."

కొండెక్కే దారిలో ఆమె ముందు, నేను పదడుగులు వెనక. ‘పెట్టలేదు, నడవలేదు, పని ఉంటే చెప్పండి.’ ఓడిపోయిన మాటను అంత పొట్టిగా, తల దించకుండా చెప్పడం నా ఇన్నేళ్ళ సభల్లో ఎవరూ నాకు నేర్పలేదు. ఆమె మీద జాలిపడవలసిన ఆ వేళ కూడా, ఆ నడుస్తున్న వీపును చూస్తూ నేను పడ్డది అసూయే.